సెల్ఫీ బాగుంది సరే, అది మీ ముఖమేనా?

ఏ కొత్త ఫోన్ వచ్చినా తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ప్రాసెసర్ గురించి ఉండదు. "సెల్ఫీలు ఎలా వస్తున్నాయి?" అంటారు. రివ్యూల్లో దొరికే జవాబు కూడా దాదాపు ఒకే మూసలో ఉంటుంది. "పగటి వెలుతురులో సెల్ఫీలు బాగున్నాయి, స్కిన్ టోన్ బ్రైట్‌గా వచ్చింది." ఇక్కడ "బాగున్నాయి" అంటే ఏంటి? ముఖం ఉన్నది ఉన్నట్టు వచ్చిందనా, లేక ఉన్నదానికంటే అందంగా వచ్చిందనా? ఈ రెండూ ఒకటి కాదు. వెనక కెమెరాతో చెట్టుని ఫోటో తీస్తే, ఆకులు అసలు రంగు కంటే ఎక్కువ పచ్చగా వచ్చాయని మార్కులు తగ్గిస్తారు. అదే ముందు కెమెరాలో మనిషి రంగు మారిపోతే మాత్రం మెచ్చుకుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఉండటంతో నాకేం గొడవ లేదు. పౌడర్ రాసుకుని ఫోటో దిగడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. ఊళ్ళో ఫోటో స్టూడియోకి వెళ్తే గోడకి అద్దం, దాని కింద దువ్వెన, పౌడర్ డబ్బా ఉండేవి. కానీ ఆ పౌడర్ మనం రాసుకుంటేనే మన ముఖం మీదికి వచ్చేది. ఈ మోడ్ అలా కాదు. చాలా ఫోన్లలో మనం అడక్కముందే ఆన్ అయి కూర్చుంటుంది. నా గొడవంతా అక్కడే.

లోపల జరిగేది ఇదీ

నాది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి కాస్త లోపలికి వెళ్తా, బోర్ కొడితే ఒక పేరా దాటేయండి. సెల్ఫీ తీసేటప్పుడు ఫోన్ మొదట ఫ్రేమ్‌లో ముఖం ఎక్కడుందో వెతుకుతుంది. తర్వాత కళ్ళు, ముక్కు, పెదాలు, దవడ అంచుల మీద చుక్కలు పెట్టుకుంటుంది. గూగుల్ వాళ్ళ మీడియాపైప్ ఫేస్ మెష్ అనే ఓపెన్ సోర్స్ మోడల్ అయితే ఒక్క ముఖం మీదే 468 చుక్కలు గుర్తిస్తుంది. ఈ చుక్కల ఆధారంగా చర్మం ఉన్న భాగాన్ని వేరు చేసి, దాన్ని నున్నగా చేసే ఫిల్టర్ వేస్తారు. మామూలు బ్లర్ వేస్తే కనుబొమ్మలు, పెదాల అంచులు కూడా అలుక్కుపోతాయి. అందుకని బైలేటరల్ ఫిల్టర్ లాంటివి వాడతారు. పెద్ద తేడాలున్న అంచుల్ని వదిలేసి, చిన్న చిన్న తేడాల్ని మాత్రం చదును చేయడం దీని పని. ఆ పైన వెలుతురు పెంచుతారు. ఇంకా ముందుకెళ్తే దవడ దగ్గర చుక్కల్ని లోపలికి, కళ్ళ దగ్గర చుక్కల్ని బయటికి జరుపుతారు. ముఖం సన్నబడుతుంది, కళ్ళు పెద్దవవుతాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. ఇలాంటి ఫిల్టర్‌కి మొటిమ, ముడత, పుట్టుమచ్చ అన్న తేడా తెలీదు. దాని దృష్టిలో అన్నీ చిన్న సైజు మరకలే. మీ టెన్త్ సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీసి చూడండి. ఐడెంటిఫికేషన్ మార్క్స్ అని పుట్టుమచ్చలు రాసుంటాయి. ఫలానా మనిషి ఇతనే అని గుర్తుపట్టడానికి ఎస్సెస్సీ బోర్డు దేన్ని పట్టుకుందో, సరిగ్గా దాన్నే ఫోన్ తుడిచేస్తోంది. మా టీమ్‌లో ఎవరైనా ఇలాంటి కోడ్ రాస్తే బగ్ అని టికెట్ వేస్తాం. ఇక్కడ ఫీచర్ అని బాక్స్ మీద అచ్చేస్తున్నారు.

పోనీ ఆఫ్ చేస్తే అయిపోతుందా అంటే, అన్నిసార్లూ అవ్వదు. ముందు కెమెరా సెన్సర్ సాధారణంగా చిన్నది, కాబట్టి తక్కువ వెలుతురులో నాయిస్ ఎక్కువ వస్తుంది. ఆ నాయిస్ తగ్గించే ప్రాసెసింగ్ కూడా చర్మాన్ని నున్నగా చేసేస్తుంది. 2018లో ఐఫోన్ ఎక్స్‌ఎస్ వచ్చినప్పుడు ఇదే రచ్చ అయింది. యాపిల్ చెప్పకుండా బ్యూటీ ఫిల్టర్ పెట్టిందని జనం తిట్టిపోశారు, దానికి "బ్యూటీగేట్" అని పేరు కూడా పెట్టారు. తీరా చూస్తే అది బ్యూటీ ఫిల్టర్ కాదు. స్మార్ట్ హెచ్‌డీఆర్ కొన్ని ఫ్రేములు కలిపేటప్పుడు షార్ప్‌గా ఉన్న ఫ్రేమ్‌ని కాకుండా వేరేదాన్ని ఆధారంగా తీసుకోవడం వల్ల వచ్చిన సమస్య. ఐఓఎస్ 12.1లో సరిచేశారు. నాకు ఈ గొడవలో నచ్చింది ఒక్కటే. ముఖం నున్నగా వచ్చినందుకు జనం కంప్లైంట్ చేశారు. మన దగ్గర మిడ్ రేంజ్ ఫోన్ల మార్కెట్‌లో అది అమ్మకాల పాయింట్. 2016లో ఒప్పో ఎఫ్1ఎస్‌ని "సెల్ఫీ ఎక్స్‌పర్ట్" అని, వివో వీ5ని 20 మెగాపిక్సెల్ సెల్ఫీ కెమెరా, మూన్‌లైట్ ఫ్లాష్ అని ఎలా అమ్మారో గుర్తుందా? అప్పుడు మేం బీటెక్‌లో ఉన్నాం. క్లాసులో ఎవరైనా ఆ ఫోన్ తెస్తే ఆ రోజు ల్యాబ్ రికార్డు పక్కన పడేసి అందరం దాని చుట్టూ చేరేవాళ్ళం.

బ్యూటీ మోడ్ సంగతి పక్కన పెడితే, సెల్ఫీలో ముఖం తేడాగా కనబడటానికి లెన్స్ దూరం కూడా కారణం. చేతి దూరం నుంచి తీస్తే లెన్స్‌కి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దగా, దూరంగా ఉన్న చెవులు చిన్నగా పడతాయి. 2018లో అమెరికా పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువ కనబడుతుంది, 5 అడుగుల దూరం నుంచి తీస్తే ఈ తేడా ఉండదు. ముక్కు సర్జరీ కోసం డాక్టర్ దగ్గరికి సెల్ఫీ పట్టుకుని వెళ్ళేవాళ్ళ గురించి చేసిన పని అది. అంటే ఆపరేషన్ చేయాల్సింది ముక్కుకి కాదు, ఫోన్ పట్టుకున్న చేతికి.

ఇంకోటి అద్దం సంగతి. మనకి మన ముఖం రోజూ అద్దంలో తిరగేసి కనబడుతుంది. 1977లో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒకే మనిషి ఫోటో మామూలుగా ఒకటి, అద్దంలోలా తిప్పి ఒకటి చూపిస్తే, ఆ మనిషికేమో తిప్పిన ఫోటో ఎక్కువగా నచ్చింది, స్నేహితులకేమో మామూలుది నచ్చింది. ఎవరు రోజూ దేన్ని చూస్తారో అదే వాళ్ళకి నచ్చింది. "నేను ఫోటోల్లో బాగోను" అనేవాళ్ళు చాలామంది నిజానికి ముఖం గురించి మాట్లాడటం లేదు, అలవాటు గురించి మాట్లాడుతున్నారు.

మరి అందం లెక్కలోకి రాదా?

వస్తుంది. లోపలి అందమే ముఖ్యం, పైరూపం ఎవరు చూస్తారు అని ఇక్కడ రాసేస్తే చదవడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. 1994లో హామర్‌మెష్, బిడిల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా, కెనడా సర్వేలు తీసుకుని చూస్తే, రూపంలో సగటు కంటే తక్కువ అనిపించిన వాళ్ళకి సగటు వాళ్ళ కంటే జీతం 5 నుంచి 10 శాతం తక్కువ వస్తోందని తేలింది. హైక్ కోసం ఏడాదంతా మేనేజర్ చుట్టూ తిరిగేవాళ్ళకి ఆ శాతం విలువ ఎంతో నేను చెప్పక్కర్లేదు.

ఇంజినీరింగ్ వాళ్ళకి ఇంకా దగ్గరగా ఉండేది 2022లో వచ్చిన స్వీడన్ అధ్యయనం. అక్కడి ఇంజినీరింగ్ విద్యార్థుల మార్కులనీ, వాళ్ళ ముఖాలకి వేరేవాళ్ళు ఇచ్చిన రేటింగ్‌లనీ పోల్చారు. లెక్కలు, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టుల్లో అందానికీ మార్కులకీ సంబంధం కనబడలేదు. ప్రెజెంటేషన్లు, గ్రూప్ పనులు, లెక్చరర్‌తో మాట్లాడాల్సిన అవసరం ఉన్న సబ్జెక్టుల్లో మాత్రం కనబడింది. తర్వాత కరోనా వచ్చి క్లాసులు ఆన్‌లైన్ అయిపోయాయి. అప్పుడు అందమైన అమ్మాయిలకి ఉన్న ఆ అదనపు లాభం మాయమైంది. అబ్బాయిలకి మాత్రం అలాగే ఉండిపోయింది! అబ్బాయిల్లో ఆ ముఖంతో పాటు వచ్చే ధైర్యమో చొరవో పనిచేసి ఉండొచ్చని ఒక వివరణ. ఇంటర్నల్స్‌లో, వైవాలో ఎవరికి ఎందుకు ఎన్ని మార్కులు పడ్డాయో మన కాలేజీల్లో కూడా ఎవరైనా ఇలా లెక్క తీస్తే చదవాలని నాకు చాలా కోరికగా ఉంది.

ఇవన్నీ చూస్తే నాకు అర్థమైంది ఒకటే. రూపం బలంగా పనిచేసేది పరిచయం లేనిచోట, టైమ్ తక్కువ ఉన్నచోట, ఎదుటివాడి గురించి ఇంకో సమాచారం లేనిచోట. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో పేపర్ మీదే కనబడుతుంటే ముఖంతో పనిలేదు. ప్రేమ వ్యవహారాల్లోనూ అంతే. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, పరిచయమైన కొత్తలోనే జంట అయినవాళ్ళు అందంలో దాదాపు సమఉజ్జీలుగా ఉన్నారు. చాలాకాలం స్నేహితులుగా ఉండి తర్వాత జంట అయినవాళ్ళలో ఆ సమానం అంతగా లేదు. ఒకరిని ఒకరు చూసీ చూసీ, మాట్లాడీ మాట్లాడీ, వేరే లెక్కలు వచ్చి కలిశాయన్నమాట. ఆఫీసు సంగతే తీసుకోండి. చేరిన మొదటి వారం కొత్తగా వచ్చిన వాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడని నలుగురూ అనుకుంటారు. ఆరు నెలలు పోయాక శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో ఎవడి కోడ్ పడిపోయిందో గుర్తుంటుంది కానీ ఎవడి రంగేంటో గుర్తుండదు.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం. పరిచయం లేని మనుషులు రెండు సెకన్లలో తేల్చేసే ఆ మొదటి చూపుని ఫోన్ మన జీవితంలోకి వంద రెట్లు ఎక్కువగా తెచ్చింది. డీపీ, రీల్, లింక్డ్‌ఇన్ ఫోటో, డేటింగ్ యాప్, మ్యాట్రిమోనీ ప్రొఫైల్. ముఖానికి విలువ ఎక్కడ ఎక్కువో అక్కడే మనల్ని ఎక్కువసేపు నిలబెడుతోంది. నిలబెట్టి, "ఇలా అయితే కష్టం, కాస్త సరిచేస్తా ఉండు" అంటోంది. సమస్యనీ మందునీ ఒకే షాపువాడు అమ్ముతున్నట్టు.

పిన్ని ఫోన్

మా పిన్ని వాళ్ళది ఖమ్మం. అక్కకి సంబంధాలు చూస్తున్నారు. ఒకప్పుడు పెళ్ళిళ్ళ పేరయ్య సంచిలో ఫోటోలు పట్టుకుని తిరిగేవాడు, ఇప్పుడన్నీ వాట్సాప్‌లోనే. బయోడేటాతో పాటు పంపడానికి ఫోటో కావాలంటే స్టూడియోకి వెళ్దామని అక్క, అక్కర్లేదని పిన్ని. "నా ఫోన్‌లో దిగవే, దీంట్లో తెల్లగా వస్తారు" అంది. ఈ మాట నేను చెవులారా విన్నాను. ఫోన్ గురించి ఇంత స్పష్టమైన యూజర్ రివ్యూ నేనింతవరకూ చదవలేదు.

ఆ ఫోటో చూసి ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. హాల్లో అందరం కూర్చున్నాం. అక్క వచ్చి కూర్చున్నాక పెళ్ళికొడుకు తల్లి బ్యాగులోంచి ఫోన్ తీసింది. ఫోన్ వైపు చూసింది, అక్క వైపు చూసింది, మళ్ళీ ఫోన్ వైపు చూసింది. "ఫోటోలో ఇంకాస్త రంగుగా ఉందే అమ్మాయి" అంది, పక్కావిడతో అన్నట్టుగా. పిన్ని "లైటింగ్ అండీ" అంది. అక్క ఏమీ అనలేదు. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేస్తుంది, రోజుకి పాతికమందిని కాగితాలు సరిగ్గా లేవని వెనక్కి పంపే మనిషి. ఆ రోజు తన కాగితమే సరిగ్గా లేనట్టు కూర్చుంది.

తర్వాత ఆ ఫోటో తీసేయించింది. వెనక కెమెరాతో, డాబా మీద సాయంత్రం ఎండలో నాలుగడుగుల దూరం నుంచి మామూలుగా తీయించుకుని అదే పంపమంది. ఫోన్లు తగ్గాయి. ఇది కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే "నిజాయితీగా ఫోటో పెడితే మంచి సంబంధం దానంతటదే వస్తుంది" అనేది సినిమా. పిన్ని ఇప్పటికీ సణుగుతూనే ఉంది. అక్క మాత్రం "వచ్చేవాళ్ళు తక్కువైతే తక్కువ, వచ్చాక నన్ను చూసి ఫోన్ చూడరు కదరా" అంది. ఇది రాసేనాటికి ఇంకా ఏదీ కుదరలేదు.

ఇందులో తప్పు ఫోన్ ఒక్కదానిదే అనడం అన్యాయం. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 నుంచి అమ్ముడుపోయింది, అప్పటికి సెల్ఫీ లేదు. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మం రంగు బట్టి వెతుక్కునే ఫిల్టర్ తీసేసింది. అంటే పెళ్ళి వెబ్‌సైటు కూడా సిగ్గుపడి తీసేసిన పనిని ఫోన్లు "స్కిన్ టోన్" అనే స్లైడర్‌గా ఇంకా పెట్టుకుని ఉన్నాయి. స్లైడర్ పేరు చూసి మోసపోకండి, చాలా ఫోన్లలో దాన్ని జరిపేకొద్దీ ముఖం తెల్లబడుతుందే తప్ప నల్లబడదు. నా రంగు చామనఛాయ కూడా దాటింది కాబట్టి, గ్రూప్ సెల్ఫీలో నన్ను నేనే వెతుక్కున్న సందర్భాలున్నాయి.

కెమెరాలకి ఈ జబ్బు కొత్తది కూడా కాదు. ఫిల్మ్ రోజుల్లో ప్రింటింగ్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ "షిర్లీ కార్డులు" పంపేది, వాటి మీద చాలాకాలం ఉన్నది తెల్లజాతి అమ్మాయి ఫోటోనే. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింట్ సరిగ్గా వచ్చినట్టు. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో రియల్ టోన్ అని తెచ్చింది ఈ పాత లోటు సరిచేయడానికే. నల్లగా ఉన్నవాళ్ళ ముఖం నల్లగానే, కానీ వివరంగా, కళగా రావాలన్నది దాని ఉద్దేశం. తెల్లగా చేయడం వేరు, వెలుతురు సరిగ్గా పట్టుకోవడం వేరు. ఈ తేడా తెలిసిన ఫోన్‌కే నేను కెమెరాలో ఎక్కువ మార్కులు ఇస్తా.

"జనం అడుగుతున్నారు, కంపెనీలు ఇస్తున్నాయి, మధ్యలో నీకేంటి?" అనొచ్చు. అడిగేవాళ్ళకి ఇవ్వండి, నేనేం వద్దనలేదు. కానీ డీఫాల్ట్ అంటే ఏంటో ఈ ఫీల్డ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎక్కువమంది సెట్టింగ్స్‌లోకి అసలు వెళ్ళరు. మా పిన్నికి ఆ మోడ్ ఉందన్న సంగతే తెలీదు. అది ఫోన్ మంచితనం అనుకుంది. గూగుల్ 2020 అక్టోబర్‌లో పిక్సెల్ 4ఏ, 5 లాంటి ఫోన్లలో ఫేస్ రీటచింగ్‌ని డీఫాల్ట్‌గా ఆఫ్ చేసింది, "బ్యూటీ" లాంటి పేర్లు వాడకుండా మామూలు మాటలు పెట్టింది. పేరు చిన్న విషయం కాదు. "స్మూతింగ్" అంటే అది చేసే పని చెప్పినట్టు. "బ్యూటీ" అంటే, అది ఆఫ్‌లో ఉన్నప్పుడు నీ ముఖానికి ఏది లేదో చెప్పినట్టు. నార్వేలో అయితే 2022 జులై నుంచి, శరీరాన్ని ఎడిట్ చేసిన ఫోటో ప్రకటనల్లో వాడితే దాని మీద గుర్తు వేయాలని చట్టమే ఉంది. మనకి అంత అక్కర్లేదు. మొదటిసారి సెల్ఫీ కెమెరా తెరిచినప్పుడు "ముఖాన్ని మార్చమంటారా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. లొకేషన్ వాడుకోవడానికి పర్మిషన్ అడిగే ఫోన్‌కి ముఖం మార్చడానికి అడగడం పెద్ద కష్టం కాదు.

ఈలోగా ఫోన్ కొనడానికి షాపుకి వెళ్ళేవాళ్ళు ఒక చిన్న పని చేయండి. ముఖం మీద పుట్టుమచ్చ ఉన్న మనిషిని వెంట తీసుకెళ్ళండి, లేకపోతే బాల్‌పెన్నుతో చెంప మీద సన్నగా చుక్క పెట్టుకోండి. డెమో ఫోన్‌లో ముందు కెమెరాతో ఒకటి, వెనక కెమెరాతో ఒకటి, అదే చోట అదే వెలుతురులో తీయండి. రెండూ జూమ్ చేసి చుక్క ఉందో లేదో, చెవి దగ్గర సన్న వెంట్రుకలు ఉన్నాయో లేదో, మెడ రంగూ ముఖం రంగూ కలిశాయో లేదో చూడండి. మెడ ఒక రంగులో, ముఖం ఇంకో రంగులో ఉంటే లోపల ఏదో ఆన్‌లో ఉన్నట్టే. అప్పుడు బ్యూటీ సెట్టింగ్ సున్నాకి తెచ్చి మళ్ళీ తీయండి. కెమెరా మూసి మళ్ళీ తెరిచాక అది సున్నా దగ్గరే ఉందా, తిరిగి ఆన్ అయిందా అన్నది కూడా చూడండి.

ఇక రివ్యూలు రాసేవాళ్ళకి, నాతో కలిపి, ఒక మాట. సెల్ఫీ శాంపిల్స్ పెట్టేటప్పుడు బ్యూటీ ఆఫ్‌లో తీసినది ముందు, ఫోన్ బాక్స్‌లోంచి వచ్చిన సెట్టింగ్‌లో తీసినది తర్వాత పెడదాం. రెంటి మధ్యా ఎంత తేడా ఉందో బ్యాటరీ ఎన్ని గంటలొచ్చిందో రాసినట్టే రాద్దాం. శాంపిల్‌లో కనీసం ఒకరైనా నాలాంటి రంగు వాళ్ళు ఉండాలి. మోడల్ దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి, వీకెండ్‌లో ఖాళీగానే ఉంటా.